గాలి కొలిచే కొలువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రాంతీయ వాయు నాణ్యతా సంస్థల్లో ఇంటర్వ్యూ పిలుపు అందుకున్న పాఠకుల ఉత్తరాలు ఒక సంచికకు సరిపడా పోగయ్యాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. చట్టాలు ప్రాంతాన్నిబట్టి మారతాయి గానీ పరికరాలూ లెక్కలూ మారవు కాబట్టి వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. వాయు నాణ్యతా సంస్థలో టెక్నికల్ పోస్టుకు పిలుపు వచ్చింది. రెండు వారాలే టైముంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పాఠ్యపుస్తకం సంగతి తర్వాత, ముందు ఉద్యోగ ప్రకటన తెరవండి. బయటికి ఒకే సంస్థలా కనిపించినా లోపల నాలుగైదు వేర్వేరు పనులుంటాయి: గాలిని కొలిచే విభాగం, పరిశ్రమలకు పర్మిట్లు ఇచ్చే విభాగం, తనిఖీ విభాగం, ఉద్గారాల లెక్కలూ మోడలింగూ చూసే ప్రణాళికా విభాగం, ప్రయోగశాల. ఒక విభాగం అడిగే ప్రశ్నలు మరో విభాగంలో వినబడవు. ప్రకటనలో ఉన్న క్రియాపదాల కింద గీత గీయండి. ‘క్యాలిబ్రేట్ చేయాలి’ (అంటే తెలిసిన ప్రమాణంతో పరికరాన్ని సరిచూడాలి), ‘డేటా సరిచూడాలి’, ‘నివేదిక రాయాలి’, ‘ఫిర్యాదులు విచారించాలి’. వీటిలో ప్రతి ఒక్కటీ దాదాపు ఒక ప్రశ్నగా మారుతుంది. ఒక్కోదానికి మీ చదువులోంచో పనిలోంచో ఒక ఉదాహరణ రాసిపెట్టుకోండి.

తర్వాత ఆ సంస్థ సొంత కాగితాలు. ఇటీవలి వార్షిక నివేదిక, కొలత కేంద్రాలు ఎక్కడెక్కడ ఎందుకు పెట్టారో చెప్పే ప్రణాళిక, చర్చలో ఉన్న ముసాయిదా నిబంధనలు, బోర్డు సమావేశాల మినిట్స్. వెబ్‌సైటు మొదటి పేజీ దగ్గరే ఆగిపోయిన అభ్యర్థిని ప్యానెల్ రెండో ప్రశ్నకే పసిగడుతుంది. కనీసం మూడు విషయాలు మీ నోటిమీద ఉండాలి: ఆ ప్రాంతంలో పరిమితి దాటే కాలుష్యకం ఏది, ఏ కాలంలో దాటుతుంది, ఎందుకు దాటుతుంది.

‘ఎందుకు’ దగ్గర వాతావరణశాస్త్రం కావాలి. రాత్రి నేల చల్లబడి, నేలనంటుకున్న గాలి పైగాలికన్నా చల్లగా మారితే అది పైకి లేవదు. దీన్నే ఉష్ణ విలోమం, ఇన్వర్షన్ అంటారు. నేలమీది గాలి కలగలిసే పొరను మిశ్రమ పొర అంటారు; పగలు కిలోమీటరుపైన ఉండే దాని ఎత్తు అప్పుడు వంద, రెండు వందల మీటర్లకు దిగొచ్చు. వెలువడే పొగ పెరగకపోయినా, అది కలిసే గాలి పరిమాణం తగ్గిపోయి గాఢత పెరుగుతుంది. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన పొగమంచు వెనకున్నదీ ఇదే. ‘చలికాలంలో కాలుష్యం ఎక్కువండీ’ అని ఊరుకునే అభ్యర్థికీ, ఈ కారణం చెప్పే అభ్యర్థికీ పడే మార్కుల్లో చాలా తేడా ఉంటుంది.

ప్యానెల్‌లో కూర్చునేవాళ్లు రోజూ అంకెలతో బతికేవాళ్లు. అంకె ఒప్పజెప్పేవాళ్లు వాళ్ల దగ్గరికి చాలామంది వస్తారు. ఆ అంకె ఎలా పుట్టింది, ఎప్పుడు దాన్ని నమ్మకూడదు అన్నది చెప్పగలిగేవాళ్లు అరుదు. కింది జవాబులన్నీ ఆ దృష్టితో చదవండి.

ప్రశ్న: కాలుష్య పరిమితులన్నీ బట్టీపట్టాలా? ఏక్యూఐ (వాయు నాణ్యతా సూచీ) లెక్క కూడా అడుగుతారా?

జవాబు: అన్నీ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన సూచనలు కొన్ని గుర్తుంటే చాలు. ఘనపు మీటరుకు మైక్రోగ్రాముల్లో చెబితే పీఎం 2.5కి (2.5 మైక్రాన్ల లోపు సన్నటి ధూళి; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) ఏడాది సగటు 5, 24 గంటల సగటు 15. పీఎం 10కి (10 మైక్రాన్ల లోపు ధూళి) 15, 45. నైట్రోజన్ డయాక్సైడుకు 10, 25. ఓజోన్‌కు 8 గంటల సగటు 100. సల్ఫర్ డయాక్సైడుకు 24 గంటల సగటు 40. ఇవి సూచనలు మాత్రమే, ఏ దేశానికీ చట్టం కావు. చట్టబద్ధ పరిమితులు వేరుగా ఉంటాయి. పీఎం 2.5 ఏడాది సగటుకు భారత్‌లో 40 ఉంటే, అమెరికా 2024లో 12 నుంచి 9కి దించింది. మీరు దరఖాస్తు చేసిన సంస్థకు వర్తించేదేదో అది కచ్చితంగా తెలిసుండాలి.

అంకెకన్నా ముఖ్యమైనది సగటు కాలం. ‘ఉదయం 8 గంటలకు పీఎం 2.5 ఎనభై ఉంది, 24 గంటల పరిమితి అరవై, ఉల్లంఘన జరిగినట్టేనా?’ అని అడిగి చూస్తారు. కాదు. ఒక గంట విలువను రోజు పరిమితితో పోల్చకూడదు. పైగా రోజు సగటు చెల్లాలంటే మామూలుగా 75 శాతం డేటా, అంటే 24లో 18 గంటలు ఉండాలి.

ఏక్యూఐ లెక్క అడుగుతారు, కాగితం పెన్సిల్ ఇచ్చి మరీ. పద్ధతి ఒకటే: ప్రతి కాలుష్యకానికీ ఉపసూచీ కట్టి, అన్నిటికన్నా పెద్దదాన్ని ఆ రోజు సూచీగా తీసుకుంటారు. సగటు తీయరు, కూడరు. పీఎం 2.5 రోజు సగటు 45 అనుకోండి. అమెరికా పట్టికలో అది 35.5–55.4 గాఢత పరిధిలో, 101–150 సూచీ పరిధిలో పడుతుంది. 45లోంచి 35.5 తీస్తే 9.5. దాన్ని గాఢత పరిధి వెడల్పు 19.9తో భాగించి, సూచీ పరిధి వెడల్పు 49తో గుణిస్తే 23.4. దానికి 101 కలిపితే 124. అదే 45 భారత పట్టికలో 31–60 గాఢత, 51–100 సూచీ పరిధిలోకి వచ్చి 75 అవుతుంది. గాలి ఒకటే అయినా రెండు సూచీలు వచ్చాయి. ‘రెండు యాప్‌లు రెండు అంకెలు చూపిస్తున్నాయేంటి?’ అని జనం అడిగే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ప్రశ్న: పరికరాలను పుస్తకంలో తప్ప చూడలేదు. మానిటరింగ్ విభాగం ఇంటర్వ్యూలో ఎంత లోతుకు వెళ్తారు?

జవాబు: సూత్రం ఒక్క వాక్యంలో అడిగి, వెంటనే ‘ఎక్కడ చెడుతుంది?’ అంటారు. అసలు పరీక్ష ఆ రెండోదే.

నైట్రోజన్ ఆక్సైడ్ల ఎనలైజరుతో మొదలుపెట్టండి, ఎందుకంటే దాని చుట్టూనే ఎక్కువ ప్రశ్నలుంటాయి. నైట్రిక్ ఆక్సైడు ఓజోన్‌తో కలిసినప్పుడు వెలువడే వెలుగును అది కొలుస్తుంది. నైట్రోజన్ డయాక్సైడును నేరుగా కొలవదు. నమూనాను వేడి మాలిబ్డినం కన్వర్టరు గుండా పంపి నైట్రిక్ ఆక్సైడుగా మార్చి, మొత్తంలోంచి అసలు నైట్రిక్ ఆక్సైడును తీసేస్తుంది. ఇక్కడ రెండు లోపాలు ఎదురెదురు దిక్కుల్లో లాగుతాయి. కన్వర్టరు పాతబడితే మార్పిడి తగ్గి డయాక్సైడు తక్కువ కనిపిస్తుంది. సామర్థ్యం 96 శాతం కిందికి జారితే మార్చాల్సిందే. మరోవైపు మాలిబ్డినం నైట్రిక్ ఆమ్లం, పాన్ (పెరాక్సీఎసిటైల్ నైట్రేట్) లాంటి ఇతర నైట్రోజన్ సమ్మేళనాలను కూడా మార్చేస్తుంది కాబట్టి, ఎండలో బాగా ముదిరిన గాలిలో డయాక్సైడు ఎక్కువ కనిపిస్తుంది. ఈ రెండూ చెప్పినవాళ్లను ప్యానెల్ ఇంకో పరికరం గురించి అడగకపోవచ్చు కూడా.

ఓజోన్‌కు 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి శోషణ వాడతారు. నమూనా గొట్టం టెఫ్లాన్‌దో గాజుదో అయి ఉండాలి. గొట్టంలో మురికి చేరితే ఓజోన్ దారిలోనే నశించి విలువ తగ్గుతుంది. అందుకే ఇన్‌లెట్ నుంచి పరికరం దాకా గాలి గడిపే సమయం 20 సెకన్లు దాటకూడదంటారు. సల్ఫర్ డయాక్సైడుకు అతినీలలోహిత ఫ్లోరసెన్స్. ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అడ్డొస్తాయి. కార్బన్ మోనాక్సైడుకు పరారుణ శోషణ. నీటి ఆవిరి అడ్డురావడం, సున్నా బిందువు పక్కకు జరిగిపోవడం దాని చిక్కులు.

ధూళికి ప్రామాణిక పద్ధతి ఫిల్టరు తూకం. నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటలు లాగితే 24 ఘనపు మీటర్ల గాలి. 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టరు 840 మైక్రోగ్రాములు పెరిగితే, భాగించగా ఘనపు మీటరుకు 35. చిన్న లెక్కే గానీ వేలిముద్ర, స్థిర విద్యుత్తు, తూకపు గదిలో తేమ, ఏదైనా ఆ 840ని మార్చగలదు. అందుకే తూచే ముందు ఫిల్టరును నియంత్రిత ఉష్ణోగ్రత, తేమల్లో కనీసం 24 గంటలు ఉంచుతారు. గంటగంటకూ చెప్పే బీటా ఎటెన్యుయేషన్ మానిటరు కార్బన్ 14 నుంచి వచ్చే బీటా కిరణాలు టేపు మీది ధూళిలో ఎంత తగ్గాయో చూస్తుంది. నాజిల్ కింద మురికి పేరుకుని గాలి లీకవడం దాని మామూలు జబ్బు. ఇంకో సూక్ష్మం: ఇన్‌లెట్‌లో పెద్ద రేణువులను వేరుచేసే సైక్లోన్ గుండా ప్రవాహం తగ్గితే దాని కత్తిరింపు పరిమాణం పెరిగి, 2.5 మైక్రాన్లు దాటిన రేణువులు కూడా లోపలికి జొరబడతాయి.

క్యాలిబ్రేషన్ లెక్క ఒకటి చేతిలో ఉంచుకోండి. సిలిండరులో 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది భాగాలు) వాయువుంది. నిమిషానికి 40 మిల్లీలీటర్ల వాయువును 3,960 మిల్లీలీటర్ల శుభ్రమైన గాలితో కలిపితే మొత్తం 4,000. పదిని 40తో గుణించి 4,000తో భాగిస్తే 0.1 పీపీఎం, అంటే 100 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో వంద భాగాలు). ఎనలైజరు 92 చూపించింది. వెంటనే ఏం చేస్తారు? ‘సరిచేస్తాను’ అన్నారో మార్కు పోయినట్టే. ముందు ఆ 92ను, అంటే ముట్టుకోకముందు ఉన్న స్థితిని రాసిపెట్టాలి. లేకపోతే గత వారాల డేటా ఎంత తప్పో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. తర్వాత లీకు, ప్రవాహం, సిలిండరు గడువు చూసి, చివరికి సర్దుబాటు. సర్దాక మళ్లీ జీరో (శుభ్రమైన గాలి), స్పాన్ (తెలిసిన ఎక్కువ గాఢత), మధ్య బిందువులు సరిచూడాలి.

డేటా షీటు ముందుపెట్టి తప్పులు పట్టమంటారు. రోజూ రాత్రి సరిగ్గా ఒకే గంటకు ఓజోన్ సున్నాకు పడిపోతోందంటే ఆటోమేటిక్ జీరో చెక్ జరిగిన గంటకు డేటాలో గుర్తు (ఫ్లాగ్) పెట్టలేదని అర్థం. ఆరు గంటలు దశాంశంతో సహా ఒకే విలువ ఉంటే డేటా నమోదు చేసే లాగర్ ఇరుక్కుంది. పీఎం గంట విలువ మైనస్ 2 వచ్చిందని కొట్టేయకండి. శుభ్రమైన గాలిలో పరికరపు నాయిజ్ సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది. కింది సగాన్ని తీసేసి పై సగాన్ని ఉంచితే సగటు కృత్రిమంగా పెరుగుతుంది. ఎంతవరకు మైనస్ ఒప్పుకోవాలో సంస్థ నాణ్యతా ప్రణాళికలో రాసే ఉంటుంది. ఆ మాట కూడా అనండి.

ప్రశ్న: పీపీబీని మైక్రోగ్రాముల్లోకి మార్చడంలో ఎప్పుడూ తడబడతాను.

జవాబు: 25 డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ దగ్గర పీపీబీని అణుభారంతో గుణించి 24.45తో భాగించండి. ఓజోన్ అణుభారం 48 కాబట్టి 50 పీపీబీ అంటే 98. నైట్రోజన్ డయాక్సైడుకు ఒక పీపీబీ 1.88, సల్ఫర్ డయాక్సైడుకు 2.62. ఉష్ణోగ్రత చెప్పకుండా మార్చకండి. 20 డిగ్రీల ప్రమాణం వాడేచోట భాజకం 24.06 అవుతుంది, ఓజోన్‌కు ఒక పీపీబీ దాదాపు సరిగ్గా 2 వస్తుంది. ధూళికి పీపీబీ అనేదే లేదు. అడిగి చూసేవాళ్లుంటారు, జాగ్రత్త.

ప్రశ్న: ‘మా ఇంటి సెన్సారు 180 చూపిస్తుంటే మీ స్టేషను 95 అంటోంది’ అని ఫోన్ వస్తే ఏం చెప్తారని మాక్ ఇంటర్వ్యూలో అడిగారు. సెన్సారు చవకది, నమ్మొద్దు అన్నాను. తప్పా?

జవాబు: తప్పే. అవతలివాళ్లను చిన్నబుచ్చడమే కాదు, శాస్త్రం కూడా సగమే చెప్పారు. ముందు అడగాల్సింది: ఆ 180 గాఢతా, సూచీనా? సెన్సారు తాజా నిమిషాలది చెప్తోంది, స్టేషను 24 గంటల సగటు చెప్తుండొచ్చు. ఆ తేడా తీరాక అసలు విషయం. చిన్న సెన్సారు లేజరు కాంతి చెదరడాన్ని చూస్తుంది. గాలిలో తేమ బాగా పెరిగితే రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, సెన్సారు ఎక్కువ చూపిస్తుంది. ప్రామాణిక మానిటరు నమూనాను వేడిచేసి ఆ తేమను వదిలిస్తుంది. మట్టి దుమ్ములాంటి ముతక రేణువులనేమో సెన్సారు తక్కువ చూపిస్తుంది. అయినా పక్కింట్లో చెత్త కాలితే స్టేషనుకన్నా ముందు పట్టేది అదే. ‘పెరుగుదల చూడటానికి పనికొస్తుంది, కచ్చితమైన విలువకు మా మానిటరు పక్కన కొన్ని వారాలు పెట్టి సరిచూడాలి’ అంటే సరిపోయేది.

ప్రశ్న: తనిఖీ అధికారి పోస్టుకు వెళ్తున్నాను. ‘ఫ్యాక్టరీ నుంచి దుమ్ము వస్తోందని ఫిర్యాదు, మీరేం చేస్తారు?’ అన్న ప్రశ్న తప్పనిసరి అంటున్నారు. ఎలా చెప్పాలి?

జవాబు: ‘వెళ్లి చూసి నోటీసిస్తాను’ అన్నది చాలామంది చెప్పే జవాబు. అంతకుముందూ ఆ తర్వాతా జరగాల్సిందానికే మార్కులు.

బయల్దేరకముందు పర్మిట్ తీసి షరతులు చదవాలి, పాత ఫిర్యాదులు, పాత తనిఖీలు చూడాలి. ఫిర్యాదు చేసినవాళ్లకు ఫోన్ చేసి ఏ రోజు, ఏ గంటకు, ఎంతసేపు, ఏ రంగు దుమ్ము అని అడగాలి. ఆ గంటకు గాలి ఎటునుంచి వీచిందో చూడాలి. ఉత్తర గాలి అంటే ఉత్తరం నుంచి వచ్చేది. అభ్యర్థులు తిరగేసి చెప్పే చోటు ఇది. గాలి ఆ ఫ్యాక్టరీ వైపు నుంచి రాకపోతే మూలం ఇంకొకటి కావచ్చు.

గేటు దాటకముందే బయటి నుంచి గమనించాలి. పొగ తన వెనకున్నదాన్ని ఎంత శాతం కప్పేస్తోందో కంటితో చదవడానికి పద్ధతి ఉంది: సూర్యుడు వెనక వైపున్న 140 డిగ్రీల కోణంలో ఉండాలి, 15 సెకన్లకోసారి చూసి రాయాలి, ఆరు నిమిషాలకు 24 రీడింగుల సగటు తీయాలి. తెల్లగా కనిపించేదంతా పొగ కాదు. నీటి ఆవిరైతే కొంత దూరంలో మాయమైపోతుంది, అది పోయాక మిగిలినచోట చదవాలి.

లోపలికి వెళ్లాక గుర్తింపు కార్డు చూపించి, వచ్చిన పని చెప్పి, ఆ స్థలపు భద్రతా నియమాలు అడిగి, వాళ్ల ప్రతినిధిని వెంటబెట్టుకుని తిరగాలి. గుడ్డ సంచులతో ధూళి పట్టే బ్యాగ్‌హౌస్ ఉంటే మొదట చూడాల్సింది ప్రెజర్ డ్రాప్ మీటరు, అంటే సంచులకు ముందూ వెనకా గాలి పీడనంలో తేడా చూపేది. పర్మిట్‌లో 2 నుంచి 6 అంగుళాల నీటిమట్టం అని ఉందనుకుందాం. ఇప్పుడు 0.8 ఉంటే సంచి చిరిగిందో, ఊడిందో, ఫ్యాన్ తగ్గిందో, గాలి పక్కదారిలో పోతోందో. 9 ఉంటే సంచులు మూసుకుపోయాయి: తేమ తగిలి ధూళి గట్టిపడిందో, దులిపే గాలి వాల్వు పనిచేయడం లేదో. మీటరుకు వెళ్లే సన్న గొట్టం మూసుకుపోయినా ముల్లు అబద్ధం చెప్తుంది, కాబట్టి దాన్నీ చూడాలి. లాగ్‌బుక్కులో మూడు నెలలపాటు ప్రతిరోజూ ‘4.0’ అని ఒకే సిరాతో, ఒకే వాలుతో ఉంటే అది రోజూ చూసి రాసింది కాదు. అలాగని అక్కడే దొంగలెక్క అని అరవకూడదు. ఫొటో తీసుకుని, రాసినవాళ్లను ‘ఈ రీడింగు ఎక్కడ చూస్తారు, చూపించండి’ అని అడిగితే చాలు.

అన్నట్టు, దుమ్ము చిమ్నీనుంచే రావాలని లేదు. కప్పులేని గుట్టలు, కన్వేయరు నుంచి పడే చోట్లు, తడపని లోపలి రోడ్లు, లారీ చక్రాలు కడగని గేటు. చిమ్నీ ఒక్కటే చూసి వెనక్కొచ్చే తనిఖీదారును ప్యానెల్ ఇష్టపడదు.

నోట్స్ అదే రోజు రాయాలి. ‘పొగ బాగా ఎక్కువగా ఉంది’ అన్నది అభిప్రాయం. ‘10:12 నుంచి 10:18 వరకు 24 రీడింగులు, సగటు 35 శాతం’ అన్నది సాక్ష్యం. జరిమానా ఎంతో అక్కడ నోరు జారకూడదు, బేరం ఆడకూడదు. చివరికి ఫిర్యాదు చేసినవాళ్లకు తిరిగి కబురు చెప్పాలి. ఎక్కువమంది అభ్యర్థులు మర్చిపోయే అడుగు ఇదే.

ఫిర్యాదు దుమ్ము గురించి కాక వాసన గురించైతే ఐదు విషయాలు రాయాలి: ఎన్నిసార్లు, ఎంత ఘాటుగా, ఎంతసేపు, ఎంత అసహ్యంగా, ఎలాంటి చోట. ముక్కు త్వరగా అలవాటుపడిపోతుంది కాబట్టి మధ్యమధ్య శుభ్రమైన గాలిలోకి వెళ్లి రావాలి.

ప్రశ్న: పర్మిట్ ఇంజనీరు పోస్టుకు ఎలాంటి లెక్కలు సాధన చేయాలి?

జవాబు: రెండు బాగా వస్తే ధైర్యంగా వెళ్లొచ్చు. మొదటిది ఉద్గారాల అంచనా: పని పరిమాణం, ఉద్గార గుణకం, పట్టుకోగా మిగిలేది. ఏడాదికి 500 టన్నుల సరుకు, టన్నుకు 4 కిలోల ధూళి, అంటే నియంత్రణ లేకుండా 2,000 కిలోలు. ఫిల్టరు 95 శాతం పడుతుందని దరఖాస్తులో రాస్తే 100 కిలోలు మిగులుతాయి. ఇక్కడ ఆగి ‘ధూళిని ఫిల్టరు వైపు లాగే హుడ్ ఎంత పోగుచేస్తోంది?’ అని అడగండి. హుడ్ 80 శాతమే లాగితే మొత్తం నియంత్రణ 76 శాతం, మిగిలేది 480 కిలోలు. దాదాపు ఐదు రెట్లు!

రెండోది ఆక్సిజన్ సవరణ. చిమ్నీలో 11 శాతం ఆక్సిజన్ దగ్గర ధూళి ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంది. పరిమితి 6 శాతం ఆక్సిజన్ దగ్గర 120. పాసైనట్టు కనిపిస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 20.9లోంచి 6 తీస్తే 14.9, 20.9లోంచి 11 తీస్తే 9.9. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 100తో గుణిస్తే 150. ఫెయిల్. పరిమితులకు ఆక్సిజన్ ప్రమాణం ఎందుకు కట్టారంటే, ఆ షరతు లేకపోతే ఫ్యాన్‌తో అదనపు గాలి కలిపి ఎంత మురికి పొగనైనా పలుచగా చూపించొచ్చు.

చిమ్నీ పరీక్ష నివేదిక ఇస్తే ముందు ఐసోకైనెటిక్ శాతం (నాజిల్ లాగే వేగం చిమ్నీలోని వాయువు వేగంలో ఎంత శాతమో) చూడండి. అది 90 నుంచి 110 మధ్య ఉండాలి. నాజిల్ గాలిని చిమ్నీ వేగంకన్నా నెమ్మదిగా లాగితే, వాయువు పక్కకు తప్పుకుంటుంది గానీ బరువైన రేణువులు తిన్నగా దూసుకొచ్చి లోపల పడతాయి, ఫలితం ఎక్కువ వస్తుంది. వేగంగా లాగితే తక్కువ. ఫ్యాక్టరీకి ఏ తప్పు లాభమో మీరే చెప్పగలరు. పరీక్ష రోజున ప్లాంటు ఎంత సామర్థ్యంతో నడిచిందో కూడా చూడాలి. సగం లోడు మీద చేసిన పరీక్ష పూర్తి లోడు గురించి ఏమీ రుజువు చేయదు.

ప్రశ్న: ప్రణాళికా విభాగం ఇంటర్వ్యూలో ‘వాహనాలు తగ్గిన ఆదివారం ఓజోన్ ఎందుకు పెరిగింది?’ అని మిత్రుణ్ని అడిగారట. నిజంగా అలా జరుగుతుందా?

జవాబు: జరుగుతుంది. ఓజోన్ ఏ గొట్టంలోంచీ రాదు; నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే సేంద్రియ పదార్థాలు ఎండలో కలిసి తయారవుతుంది. అయితే తాజా వాహనపు పొగలోని నైట్రిక్ ఆక్సైడు ఓజోన్‌ను తినేస్తుంది కూడా. పైగా నైట్రోజన్ డయాక్సైడు మరీ ఎక్కువైతే చర్యను నడిపే రాడికల్స్‌ను పట్టేసి నైట్రిక్ ఆమ్లంగా మారిపోతుంది. నగరం నడిబొడ్డున నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ, సేంద్రియాలు తక్కువ. అక్కడ లారీలు తగ్గితే ఈ రెండు కళ్లాలూ వదులై ఓజోన్ పెరుగుతుంది. గాలి వాలున దూరాన, చెట్ల నుంచి సేంద్రియాలు పుష్కలంగా ఉన్నచోట, అదే తగ్గింపు ఓజోన్‌ను తగ్గిస్తుంది. ‘అయితే వాహనాలను వదిలేద్దామా?’ అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. వద్దు: నైట్రోజన్ డయాక్సైడూ సన్నటి ధూళీ తగ్గుతాయి, తగ్గింపు కొనసాగితే నడిబొడ్డు కూడా రెండో కోవలోకి వస్తుంది, ఈలోగా సేంద్రియాలనూ కలిపి తగ్గించాలి. ఆ సంస్థ నివేదికలో తమ ప్రాంతం ఏ కోవ అని రాశారో ముందే చదివి వెళ్లండి.

ప్రశ్న: ప్యానెల్ మొహాల్లో ఏ భావమూ ఉండదని, ప్రశ్న చదివి రాసుకుంటూ కూర్చుంటారని విన్నాను. నిజమేనా?

జవాబు: ప్రభుత్వ తరహా సంస్థల్లో చాలాచోట్ల అంతే. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస, ఒక్కోదానికి మార్కుల పట్టిక. మీరు సగం చెప్పి ఆపితే ‘ఇంకా?’ అని అందించే వీలు వాళ్లకుండదు. చెప్పనిదానికి మార్కు ఉండదు, మీకు తెలుసని వాళ్లకు తెలిసినా సరే. కాబట్టి మొహాలు చూసి కంగారుపడకండి. ఎన్ని ప్రశ్నలో ముందే అడిగి టైము పంచుకోండి. ప్రశ్నలో మూడు భాగాలుంటే మూడూ కాగితం మీద రాసుకుని ఒక్కోటి టిక్కు పెట్టుకుంటూ చెప్పండి. అనుభవం అడిగినప్పుడు ‘మేం చేశాం’ అనే మాట మార్కుల్ని మింగేస్తుంది. అందులో మీ చేతి పని ఏదో విడదీసి చెప్పండి. తెలియకపోతే తెలియదని, ఏ కాగితంలో ఎవరిని అడిగి తెలుసుకుంటారో చెప్పండి. కొలతల ఉద్యోగంలో ఊహించి చెప్పేవాణ్ని ఎవరూ కోరుకోరు.

ప్రశ్న: ఇప్పటిదాకా ఫ్యాక్టరీలో పర్యావరణ విభాగంలో చేశాను. అటువైపు మనిషినని అనుమానిస్తారేమో?

జవాబు: అనుమానం కన్నా ఆసక్తే ఎక్కువ ఉంటుంది, ప్లాంటు లోపల ఏం జరుగుతుందో మీకు తెలుసు కాబట్టి. పాత యజమాని ఫైళ్లు మీ దగ్గరకు వస్తే పై అధికారికి రాతపూర్వకంగా చెప్పి తప్పుకుంటానని, ఆ కంపెనీ షేర్లుంటే వెల్లడిస్తానని అడక్కముందే చెప్పేయండి. పాత కంపెనీ రహస్యాలు మాత్రం మెప్పు కోసం బయటపెట్టకండి. రేపు మా రహస్యాలూ ఇలాగే చెప్తాడు అనుకుంటారు.

ప్రశ్న: ఫీల్డు పోస్టుకు శరీర దారుఢ్యం గురించి అడుగుతారా? గడ్డం ఉంటే ఇబ్బందా?

జవాబు: రెండూ అడుగుతారు. చిమ్నీ నిచ్చెనలు, స్టేషను కప్పు మీది ఇన్‌లెట్లు ఎక్కాలి, సిలిండర్లు కదపాలి, వాహనం నడపాలి. ఎత్తు భయం ఉంటే ఇప్పుడే చెప్పడం మేలు, నిచ్చెన మధ్యలో కాదు. గడ్డం సంగతి: ముఖానికి అతుక్కునే రెస్పిరేటరు వాడాల్సిన పనిలో మాస్కు అంచు కింద వెంట్రుకలుంటే సీలు పడదు, ఫిట్ టెస్ట్ పాసవరు. మతపరమైన కారణం ఉంటే గాలి పంపు ఉన్న వదులు హుడ్ రకం రెస్పిరేటరు వాడే వీలుందేమో ఇంటర్వ్యూ చివర్లో, ‘మీరేమైనా అడగాలా?’ అన్నప్పుడు అడగండి.